కింద నా సంతకం

ఏప్రిల్ 28

డైరీ మానేసి రెండేళ్లయింది. ఇవాళ మళ్లీ తీశాను. ఎవరికీ చెప్పుకోలేనిది ఒకటి వచ్చి పడింది. చిన్నదే. అంత పెద్దదేం కాదు.

పరీక్ష డ్యూటీ అయ్యాక స్టాఫ్‌రూం బయట రుచిత నిలబడి ఉంది. ఫైనలియర్ పిల్ల, నా మెంటార్ బ్యాచ్. దుబ్బాక నుంచి రోజూ బస్సులో వస్తుంది. చేతిలో ఫోను. ఎమ్మెస్సీ ఎంట్రెన్స్ ఫారం నింపుతూ కెమిస్ట్రీ అని కొట్టగానే, మూడో ఏడాది కెమిస్ట్రీ వివరాలు అడుగుతోందట. అవి ఇవ్వకపోతే ముందుకు కదలడం లేదట.

"మేడం, మూడో ఏడాదిల నాకు కెమిస్ట్రీ లేదు గద. గీ డబ్బల ఏం కొట్టాలె?" అంది.

"సర్వర్ ప్రాబ్లం కావచ్చమ్మా. రేపు చూద్దాం," అన్నాను.

సరే మేడం అని వెళ్లిపోయింది. ఆ పిల్ల ఎప్పుడూ అంతే, ఒక మాట చెబితే రెండోసారి అడగదు. సర్వర్ ప్రాబ్లమే అయి ఉంటుంది. ఈ వెబ్‌సైట్లు ఎప్పుడు సరిగ్గా పనిచేశాయి గనక.

ఏప్రిల్ 29

సర్వర్ కాదు.

మే 1

కాలేజీ సెలవు. నోటిఫికేషన్ మొత్తం చదివాను. ఎమ్మెస్సీ కెమిస్ట్రీకి డిగ్రీ మూడేళ్లూ కెమిస్ట్రీ ఉండి తీరాలి. ఆరో పేజీలో ఉంది. మూడుసార్లు చదివాను, నాలుగోసారికి అక్షరాలు మారతాయేమో అన్నట్టు.

నేనేమీ బలవంతం చేయలేదు. ఇది మాత్రం ఇక్కడ రాసిపెట్టుకోవాలి.

మా యూనివర్సిటీలో మూడో ఏడాదికి వచ్చేసరికి మూడు సబ్జెక్టుల్లో ఒకటి వదిలేసి రెండే ఉంచుకోవాలి. ఏది వదలాలో, ఏది వదిలితే ఏ దారి మూసుకుపోతుందో పిల్లలకు చెప్పాల్సింది మెంటార్. అంటే నేను. ఒక్కో లెక్చరర్ నెత్తిన ముప్పై రెండు మంది. ఒక్కొక్కరికి రిజిస్టర్‌లో ఒక పేజీ. పైన నేను రాయాలి, కింద 'విద్యార్థి అభిప్రాయం' అన్న చోట వాళ్లు రాయాలి, ఆ కింద నేను సంతకం పెట్టాలి. పాఠాలు చెప్పాలా, వాల్యుయేషన్ చేయాలా, అడ్మిషన్ల కోసం ఊళ్లు తిరగాలా, ఈ ముప్పై రెండు మంది మనసులో మాట వినాలా? తనిఖీ బృందం వస్తుందనగానే ఒక మధ్యాహ్నం కూర్చుని అందరి పేజీలూ నింపేస్తాం. 'చర్చించాను. తగిన సలహా ఇచ్చాను. విద్యార్థి సంతృప్తి చెందారు.' అందరం అంతే. నా ఒక్కదాని పాపం కాదు.

నిరుడు జూన్‌లో మూడో ఏడాది బాటనీకి పద్నాలుగు మందే వచ్చారు. పదిహేను లేకపోతే సెక్షన్ నడపరు. సెక్షన్ లేకపోతే నాకు సగం గంటలు పోతాయి. గంటల్లేని కాంట్రాక్ట్ లెక్చరర్‌ని ఎవరైనా ఎందుకుంచుకుంటారు? పదకొండేళ్లుగా ఇక్కడే ఉన్నాను.

రుచిత పదిహేనో పిల్ల.

కెమిస్ట్రీ వదిలి బాటనీ ఉంచుకున్నా ఏ ఎమ్మెస్సీ అయినా చేయొచ్చని అన్నానా? అనలేదనే గుర్తు. ఆలోచించుకోమని చెప్పి ఉంటాను. పిల్లే ఎంచుకుంది. రిజిస్టర్‌లో కూడా 'విద్యార్థి స్వయంగా ఎంచుకున్నారు' అని రాశాను. కింద ఆమె కూడా ఏదో రాసింది. అన్నీ సవ్యంగానే ఉన్నాయి.

మే 4, ఆదివారం

అన్నం తింటుంటే మా ఆయనకు చెప్పాను. రామేశ్వర్‌గారికి కాలేజీ గొడవలు పట్టవు. స్టీలు సామాన్ల దుకాణం, పొద్దున పోతే మళ్లీ రాత్రికే. ఇవాళ ఆదివారం గనక దొరికారు. అంతా విని పప్పు కలుపుకుంటూ అన్నారు:

"గా పిల్ల చెయ్యి పట్టి సంతకం పెట్టించినవా?"

"లేదు."

"మరింక ఏంది నీ బాధ? మా దుకాణంల గిరాకి వచ్చి, ఏ గిన్నె మంచిదే సేటూ అని అడుగుతరు. పోకుండ పడున్న సరుకే ముందు చూపిస్తం. నచ్చినోడు తీస్కుంటడు, నచ్చనోడు పోతడు. లోకం తీరు గది."

నన్ను ఓదార్చాలనే అన్నారు. మజ్జిగ కూడా పోసుకోకుండా లేచాను. పోకుండా పడి ఉన్న సరుకు. అది బాటనీ కూడా కాదు, నేను.

మే 5

రుచిత ఫోన్ చేసింది. తీయలేదు.

మే 6

మళ్లీ చేసింది. తలనొప్పిగా ఉంది. నిజంగానే ఉంది.

మే 7

ఫోన్ ఎత్తకపోతే ఏమవుతుందో ఇవాళ తెలిసింది. తండ్రిని వెంటబెట్టుకుని కాలేజీకే వచ్చింది.

ఆయన పేరు నర్సింహ. మగ్గాలవాళ్ల నూలుకు రంగులు వేస్తాడు. గోళ్ల సందుల్లో నీలం ఉంది, ఎన్నిసార్లు కడిగినా పోనిదని చూస్తేనే తెలుస్తుంది. నాకంటే పదేళ్లయినా పెద్ద. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మేడం, మా బిడ్డ మీ మాటనే చెప్తది ఇంట్ల. భువన మేడం గిట్లన్నది, గట్లన్నది అని. గా ఫారం సంగతి నాకు సమజ్ కాలే. మీరే ఏదన్న తొవ్వ చూపించాలె."

నేను ఏవో కాయితాలు సర్దుతూ కూర్చున్నాను. ఆయనే మళ్లీ అందుకున్నాడు.

"నిరుడు మా తువ్వాలల్ల ఎర్రరంగు నిలుస్తలేకుండె మేడం. ఒక్క ఉతుకుకే పోతుండె. కొనుక్కపోయిన బ్యారగాళ్లు వాపస్ తెచ్చి ముంగటేస్తున్రు. గీ పిల్ల కెమిస్ట్రీ బుక్కు ముందటేసుకోని, బాపూ, ఉప్పు గింతెయ్యి, సోడా గప్పుడెయ్యి, నీళ్లు గింత వేడి జెయ్యి అని దగ్గరుండి జేపిచ్చింది. నిలిచింది రంగు. ముప్పై ఏండ్లు చేసిన నాకు తెల్వలే, పిల్లకు తెలిసింది. గందుకే గా చదువే చదువు బిడ్డా అన్న."

రుచిత తల వంచుకుని, "బాపూ, చాలు," అంది.

పోతూ పోతూ ఒక తువ్వాల టేబుల్ మీద పెట్టాడు. ఎర్రంచుది. వద్దన్నాను. "మా రంగు నూలుతోని నేసింది, బజార్ల కొన్నది గాదు, ఉంచుకోండ్రి," అన్నాడు.

నా తప్పు వల్లే మీ పిల్ల ఫారం ఆగిందని ఒక్క ముక్క చెప్పి ఉండాల్సింది. తప్పక చేస్తాను అన్నాను. ఏం చేస్తానో మాత్రం చెప్పలేదు.

కెమిస్ట్రీ భూపతి సార్ వరండాలో ఎదురై, "ఏం మేడం, నా పిల్లను ఎత్తుకపోయి ఏడ పెట్టినవ్?" అని నవ్వాడు. నిరుడు జూన్‌లో కూడా ఇదే మాటన్నాడు. అప్పుడు నేనూ నవ్వాను.

మే 8

ప్రిన్సిపాల్ వెంకటనర్సయ్య సార్ దగ్గరికి పోయాను. దారి ఉంది. సలహా ఇవ్వడంలో కాలేజీ తప్పు జరిగితే, వదిలేసిన సబ్జెక్టు పరీక్షలు విడిగా రాసుకోనిస్తారు. జూలైలో ఒకసారి, నవంబర్‌లో ఒకసారి. జూలైలో రాస్తే ఈ ఏడే ఎమ్మెస్సీలో చేరొచ్చు. నవంబరైతే ఏడాది పోయినట్టే. జూలైకి కావాలంటే మే 20 లోపల అన్నీ యూనివర్సిటీకి చేరాలి. దానికి మెంటార్ ఉత్తరం రాయాలి, ఏం సలహా ఇచ్చారో, ఎందుకు తప్పయిందో వివరంగా.

"రాస్తాను సార్," అన్నాను.

సార్ అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "రాయమ్మా, వద్దంటలేను. ఏమని రాస్తవు? పదిహేను మంది కాలేదని బాటనీకి తీస్కపోయిన అని రాస్తవా? పదిహేను జెయ్యుమని నేనే అంటి నీతోని. ఇద్దరం కలిసి ఇంటికి పోదాం."

"మరేమని రాయమంటారు?"

"సమాచార లోపం అని రాయి. ఒక్క మాట. ఎవ్వలి మీదికి రాదు. జూన్‌ల నీ రెన్యూవల్ ఉంది, యాది పెట్టుకో."

సమాచార లోపం. దానంతట అదే జరిగిపోయినట్టు, ఎవరూ చేయనట్టు ఉంది మాట. బాగానే కుదిరింది.

మే 12

ఉత్తరం ఇచ్చాను. 'సమాచార లోపం వల్ల విద్యార్థిని కెమిస్ట్రీ సబ్జెక్టును కోల్పోయినందున...' ఎనిమిది వాక్యాలు. ఒక్కదాంట్లోనూ నేను లేను. సార్ చదివి, "మస్తుగుంది," అన్నాడు.

రుచితకు నేనే ఫోన్ చేసి చెప్పాను, పంపించామని. "థాంక్యూ మేడం, బాపు పరేషాన్ అయితుండె," అంది. భూపతి సార్‌ని అడిగి పుస్తకాలు తీసుకుని చదువుకోమన్నాను. అప్పుడే మొదలుపెట్టిందట.

చేయాల్సింది చేశాను. మనసు తేలికైంది.

మే 13

కాలేదు.

మే 19

ఉత్తరం తిరిగొచ్చింది.

'సమాచార లోపం ఎవరిది? విద్యార్థినిదా, కళాశాలదా? స్పష్టత లేదు. మెంటార్ రిజిస్టర్‌లోని సంబంధిత పేజీ నకలు జతచేసి మళ్లీ పంపండి.' అంతే, నాలుగు ముక్కలు.

రేపే మే 20. రేపు పొద్దున రిజిస్టర్ తీసి, ఉత్తరం సరిగ్గా రాసి, మనిషిని ఇచ్చి పంపితే అందుతుంది. రిజిస్టర్లన్నీ ఆఫీసు బీరువాలో ఉంటాయి. తాళం అటెండర్ సారయ్య దగ్గర ఉంటుంది.

మే 20

సారయ్య రాలేదు.

మే 21

అబద్ధం. సారయ్య వచ్చాడు. నిన్న పది గంటలకే వచ్చి బీరువా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేనే ఆఫీసు దాకా పోయి, మంచినీళ్లు తాగి వెనక్కి వచ్చాను. రెండుసార్లు పోయాను. ఆ పేజీలో 'విద్యార్థి స్వయంగా ఎంచుకున్నారు' అని నా చేతిరాత ఉంది. దాని నకలు పంపితే తప్పు పిల్లదవుతుంది, అనుమతి రాదు. అది అబద్ధమని ఉత్తరం రాస్తే తప్పు నాదవుతుంది. ఈ రెంటి మధ్య మంచినీళ్ల కుండ దగ్గర నిలబడి రోజు గడిపేశాను.

నా డైరీలో నాకే అబద్ధం రాసుకున్నాను. ఎవరు చదువుతారని?

మే 23

ఇవాళ తీయించాను.

"గింత ఎండల గీ బుక్కులెందుకు మేడం, మల్ల బృందం వస్తుందా?" అని సారయ్య విసుక్కుంటూనే దుమ్ము దులిపి ఇచ్చాడు. బాటనీ ల్యాబ్‌లోకి తెచ్చుకుని తలుపు దగ్గరికేసి కూర్చున్నాను.

పంతొమ్మిదో పేజీ. పైన నా రాత. ఆకుపచ్చ ఇంకు. 'విద్యార్థి స్వయంగా ఎంచుకున్నారు.' కింద రుచిత రాత, చిన్న చిన్న గుండ్రటి అక్షరాలు. ఉన్నదున్నట్టు ఇక్కడ దింపుకుంటున్నాను:

'నాకు కెమిస్ట్రీ ఇష్టం. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేయాలని ఉంది. బాటనీ ఉంచుకున్నా చేయొచ్చు అని మేడం చెప్పినందుకు కెమిస్ట్రీ వదులుతున్నాను. ఒకవేళ చేయరాకపోతే దయచేసి నాకు చెప్పగలరు.'

దాని కింద నా సంతకం. జూన్ 24. తేదీ కూడా నేనే వేశాను. పక్కన బృందం వాళ్ల ఎర్ర టిక్కు కూడా ఉంది.

అన్నానా, అనలేదా అని ఇన్నాళ్లు నాతో నేనే వాదులాడుకున్నాను. అన్నాను. ఏ ఎమ్మెస్సీ అయినా చేయొచ్చమ్మా అని ఇదే ల్యాబ్‌లో, మైక్రోస్కోపుకు గుడ్డ కప్పుతూ, ఆమె మొహం కూడా చూడకుండా అన్నాను. నాకు తెలిసి కాదు, కనుక్కుని కాదు. పదిహేను కావాలి గనక అన్నాను.

ఆ రోజు చదివి ఉంటే జూన్‌లోనే మార్చి ఉండొచ్చు. జూలై నెలాఖరు దాకా సబ్జెక్టు మార్చుకునే వీలుండేది.

పదకొండేళ్లలో విద్యార్థి అభిప్రాయం ఒక్కటి కూడా చదవలేదు. వాళ్లు రాసి ఇస్తారు, నేను మడత పెట్టిన చోట్ల వరసగా సంతకాలు చేసుకుంటూ పోతాను. బ్యాంకులో పనిచేసే మా ఆడబిడ్డ కూడా సంతకం పెట్టేముందు చెక్కు అటూ ఇటూ తిప్పి చూస్తుంది.

మే 24

పేజీ చింపుదామనుకున్నాను. ఆ సంగతి ఇక్కడ రాయక తప్పదు. పాత రిజిస్టర్, చెదలు పట్టిందంటే అడిగేవాడు లేడు. గోరు పెట్టి కుట్టు దాకా తెచ్చాను కూడా. పైన మూలన రెండు వేళ్లంత చిరిగింది. దానికి మళ్లీ జిగురు టేపు వేశాను.

కొత్త ఉత్తరం రాశాను. ఈసారి నాలుగు వాక్యాలే. 'కెమిస్ట్రీ వదిలినా ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేయొచ్చని నేనే తప్పుగా చెప్పాను. బాటనీ సెక్షన్‌కు పదిహేను మంది కావాల్సి ఉండటంతో అలా చెప్పాను. విద్యార్థిని తన సందేహం రాతపూర్వకంగా అడిగింది. నేను చదవకుండా సంతకం పెట్టాను.'

ఆయనకు చదివి వినిపించాను. "ఉద్యోగం పోతె దుకాణంల కూసుందువు తియ్యి. గిరాకితోని మాట్లాడుడు నీకొచ్చు," అన్నారు. వేళాకోళమే. నవ్వు రాలేదు, ఏడుపు వచ్చింది. ఆయన గాభరాపడి, "ఊకెనే అన్ననే," అంటూ మంచినీళ్లు తెచ్చిచ్చారు.

మే 26

సార్ ఉత్తరం చదివి కుర్చీలో వెనక్కి వాలాడు. "పదిహేను మాట తీసెయ్యరాదు?" అన్నాడు. తీయను అన్నాను. "నేను చెప్పిన అని రాయలే గద?" అన్నాడు. రాయలేదు సార్, మీరు చెప్పింది మీరు రాసుకోండి అన్నాను. నా నోటి దురుసుతనం ఎప్పుడూ రావాల్సిన చోట రాదు, ఇవాళ వచ్చింది. సార్ ముద్ర వేసి ఇచ్చాడు.

ఆరు రోజులు ఆలస్యం. దయతలిస్తే జూలైకే ఇస్తారేమో. ఇస్తారు. ఇంత స్పష్టంగా రాశాక ఎందుకివ్వరు?

మే 31

ఏమీ రాలేదు. రుచిత రోజూ భూపతి సార్ దగ్గరికి వచ్చి ప్రాక్టికల్స్ చేసుకుంటోంది. కిటికీలోంచి చూశాను. చెయ్యి వణక్కుండా ఒక్కో చుక్కా వదులుతోంది. నేను చూస్తున్నానని తెలిసి నవ్వి నమస్తే పెట్టింది.

జూన్ 3

తువ్వాల ఇన్నాళ్లూ కవర్లోనే ఉంది. ఇవాళ తీసి బకెట్లో నానబెట్టాను. నీళ్లు తేటగానే ఉన్నాయి.

జూన్ 9

అనుమతి వచ్చింది. నవంబర్‌కు.

'మే 20 తర్వాత అందినందున జూలై పరీక్షకు పరిగణించలేము.' మొదటి ఉత్తరమే నిజంగా రాసి ఉంటే మే 12నే చేరేది. ఆ పిల్ల ఏడాది బాటనీ వల్ల పోలేదు. సమాచార లోపం అన్న రెండు మాటల వల్ల, ఆ కుండ దగ్గర నేను తాగిన రెండు గ్లాసుల నీళ్ల వల్ల పోయింది. అనుమతి తెప్పించిన మనిషినీ నేనే, ఏడాది పోగొట్టిన మనిషినీ నేనే.

ఫోన్లో చెప్పడం తప్పించుకోవడమే అవుతుందని బస్సెక్కి దుబ్బాక పోయాను. వాకిట్లో దండేల మీద ఎర్ర నూలు ఆరుతోంది. నర్సింహ రంగు గాబులో కర్ర పెట్టి కలుపుతున్నాడు. రుచిత నా కోసం కుర్చీ తెచ్చింది.

నిలబడే చెప్పాను. నిరుడు ఏం చెప్పానో, ఎందుకు చెప్పానో, మే నెలలో ఏం రాశానో, ఎన్ని రోజులు దాటేశానో అన్నీ చెప్పాను. మధ్యలో ఆపితే మళ్లీ మొదలుపెట్టలేనని ఒక్క బిగిన చెప్పాను. నర్సింహ కలపడం ఆపేశాడు. తిడతాడేమోనని చూశాను, తిడితే బాగుండుననీ అనిపించింది. ఆయన నా వైపు చూడలేదు.

"యాడాది నాతోని రంగులేస్తది తియ్యి," అని కూతురితో అని, మళ్లీ కర్ర అందుకున్నాడు. వెళ్లొస్తానన్నా తలెత్తలేదు.

రుచిత బస్టాండు దాకా వచ్చింది. సంచిలోంచి పేజీ నకలు తీసి చూపించాను. అడగకుండా ఉండలేకపోయాను.

"ఇంత స్పష్టంగా రాశావు కదమ్మా. నా దగ్గరికి వచ్చి ఒక్కసారి నోటితో అడిగి ఉండొచ్చు కదా?"

ఎవరి మీదికి నెట్టాలని ఆ మాట అడిగానో నాకు తెలుసు. ఆ పిల్లకు తెలిసినట్టు లేదు. కాగితం చూసి, తన రాత కింద వేలు పెట్టి చూపించింది.

"అడిగిన గద మేడం. గీడ రాసిన. కింద మీరు సంతకం పెట్టిన్రు. చదివే పెట్టిన్రనుకున్న."

కోపంగా అనలేదు. అడిగినదానికి జవాబు చెప్పినట్టే చెప్పింది. బస్సు వచ్చింది, ఎక్కాను.

జూన్ 11

రెన్యూవల్ జాబితా ఇంకా పెట్టలేదు. పట్టించుకోవడం లేదని రాయబోయి ఆగాను. రోజుకు రెండుసార్లు నోటీసు బోర్డు దగ్గరికి పోతున్నాను.

రిజిస్టర్ మళ్లీ తెచ్చుకున్నాను. సారయ్య ఈసారి ఏమీ అడగలేదు. రుచిత పేజీ కాక ముప్పై ఒకటి ఉన్నాయి. ఇవాళ నాలుగు చదివాను. మూడింటిలో 'మేడం బాగా చెబుతారు' అని ఉంది. నాలుగోది వినయ్‌ది. నంగునూరు పిల్లవాడు, ఫిబ్రవరి నుంచి రావడం మానేశాడు. హాజరు లేదని పేరు కొట్టేసింది కూడా నేనే.

'మా బస్సు పదిన్నరకు గాని రాదు. మొదటి పీరియడ్ రోజూ పోతోంది. మేడం ఏమైనా చేయగలరా?' అని రాశాడు.

కింద నా సంతకం ఉంది.